వాన లేని చోట వాలు కప్పు

సౌదీలో హుఫూఫ్ ఖర్జూరం తోటల్లో నీళ్ల కాలవ మీద ఒక కొయ్య వంతెన ఉండేది. దానికి ఇంటికున్నట్టు కప్పు ఉండేది. ఆ కప్పు వేసింది రాయచోటి పక్క పల్లె నుంచి వచ్చిన బాబావలి. నాకు చిన్నాయన వరస. నేను ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసి వచ్చి ఇక్కడ మట్టి తోడే షవల్ బండి తోలుతున్నా. వంతెన పడగొట్టే పని నాకే పడింది గాబట్టి దాని సంగతి నేనే చెప్తా.

ముప్పై ఏండ్ల కిందట పాత కఫీల్, అంటే తోట యజమాని, కాలవ మీద దూలాలు వేయించి, ఎండకు పగలకుండా పైన నీడ వెయ్యమన్నాడంట. ఇక్కడోళ్లు నీడంటే మట్టలు చదునుగా పరుస్తారు. చిన్నాయనకు తెలిసిన కప్పు ఒకటే, మా సీమ పూరి కొట్టం. నడిమి దూలం ఎత్తుగా నిలిపి, రెండు పక్కలా వాలుగా ఖర్జూరపు మట్టలు కప్పినాడు. వానే లేని చోట వాన జారడానికి వాలు! కఫీల్ చూసి, "ఇదేంది, ఒంటె మూపురమా?" అని నవ్వినాడంట గానీ పీకమనలేదు. వాళ్ల ముసలమ్మ రోజూ ఆ నీడలోనే కూర్చునేది.

తప్పు అక్కడే జరిగింది. చదును కప్పయితే గాలి పైనుంచి పోయేది. ఇది గాలికి అడ్డం నిలబడి ఏటా చిరిగిపోయేది. ఖర్జూరం కోతలైనాక కొత్త మట్టలతో మళ్లీ కప్పాల. ఒకసారి ఆయన సెలవు మీద ఊరికి పోతే మిగతా పనోళ్లు చదునుగా పరిచేసినారు. తిరిగొచ్చి అంతా పీకి మళ్లీ కొట్టమే కప్పినాడు. అప్పట్నుంచి కోతల తర్వాత ఊరికి పోవడం మానేసినాడు. మా పక్క పెళ్లిళ్లు ఆ రోజుల్లోనే. కూతురు రుఖయ్యా నిఖా ఫోన్లో చూసినాడు, చేతిలో నారతాడు పట్టుకుని.

ఆయన భార్య అమీరున్నీసా ఫోన్ చేస్తే మొదటి మాట ఆ వంతెన గురించే.

"ఏమప్పా, నా సవతి ఎట్లుంది?"

"బాగుంది. ఈతూరి నిన్ను పిలిపించి చూపిస్తా."

"ఆఁ, దాని నోట్లో, నా నోట్లో పండ్లు రాలినాక."

పోయినేడు నిజంగానే విజిట్ వీసా వచ్చింది. ఆ నెలలోనే కాలవ ఎండింది. నీళ్లన్నీ భూమి కింద పైపుల్లోకి మార్చినారు. పాత కఫీల్ చనిపోయి అప్పటికే తోట కొడుకు చేతికొచ్చింది. అతను చిన్నాయన ఎదురుగానే నాతో అన్నాడు: "కాలవ పూడ్చు. వంతెన తీసెయ్. గురువారానికి ఖలాస్."

చిన్నమ్మ దిగేది శనివారం.

చిన్నాయన ఎవర్నీ ఏదీ అడిగే మనిషి కాదు. ఆ పొద్దు అతని కారు తలుపు పట్టుకుని నిలబడినాడు. "నా భార్య వస్తాంది. ఆమె చూసినాక పడగొట్టుకోండి." కఫీల్ కొడుకు వాచీ చూసుకుని, ఆదివారం దాకా సరే అన్నాడు.

ఈయన పోయి కొత్త మట్టలు తెచ్చుకుని నిచ్చెన ఎక్కినాడు.

"నీకేమన్నా పిచ్చా చిన్నాయనా? ఆదివారం నేనే పడగొడతా గదా!"

"అది ఆదివారం. ఆ తాడిట్ల ఇయ్యి."

శనివారం సాయంత్రం ఆమె వచ్చింది. కొత్త బురఖా కాళ్లకు అడ్డం పడుతుంటే ఎత్తి పట్టుకుని నడిచింది. వంతెన ముందు ఆగి ఈ కొస నుంచి ఆ కొసకు చూసింది.

"ఇంతేనా? ఏటి మీద బ్రిడ్జి మాదిరి చెప్తివే! నీళ్లేవీ?"

"పైపుల్లో ఉండాయి."

ఆమె పకపకా నవ్వింది. నవ్వుకుంటానే కప్పు కిందికొచ్చి తలెత్తింది. నవ్వు ఆగిపోయింది. చెయ్యి పైకి చాపి కట్లు తడిమింది.

"ఇది మన కొట్టం గదప్పా."

పెండ్లైన కొత్తలో వాళ్లున్న కొట్టం. ఆయన సౌదీకొచ్చినాక వానకు కూలిపోతే, ఆమె పిల్లనెత్తుకుని అక్క ఇంట్లో తల దాచుకుంది.

"పడిపోయిందని కబురు చేస్తే సెలవు దొరకలేదంటివి. ఈడ మాత్రం ఏటేటా కప్పుకున్నావు."

చిన్నాయన మిగిలిన తాడు చేతికి చుట్టుకుంటా నిలబడినాడు. "పని మానుకుని ఎగ్జిట్ వీసా కొట్టించుకుని నీతోనే వచ్చేస్తా. మన వాకిట్లో కొట్టం కప్పుతా," అన్నాడు.

"వాకిలి యాడుంది? అల్లుడు ఇల్లు ముందుకు జరిపి స్లాబు పోయించె గదా. ఫోటో పంపినా. చూళ్యా?"

"చూసినా."

చూడలేదు. ఆయన ఫోన్లో ఫోటోలు తెరిచిపెట్టేది నేనే.

ఆదివారం పొద్దున షవల్ తోలుకుపోయేసరికి చిన్నమ్మ వంతెన మీద, ఆ నీడలో కూర్చుని టీ తాగుతాంది. చిన్నాయన అవతలి గట్టు మీద నిలబడి ఉన్నాడు. పక్కన కూర్చోమని ఆమె పిలవలేదు. ఆయనా రాలేదు.

"రవ్వంతసేపు ఆగు సుభానీ," అంది. "మీ చిన్నాయన కప్పిన ఇంట్లో నేను కూర్చుని ఎన్నేండ్లాయనో."

ఇంజన్ ఆపినా. రోడ్డు మీద కఫీల్ కొడుకు హారన్ కొట్టినాడు. నేను తిరిగి చూడలేదు.

గ్లాసు ఖాళీ అయినాక ఆమె లేచి చెప్పులేసుకుంది. ఆయనున్న గట్టుకు పోకుండా నా వైపు నడిచొచ్చింది.

"ఇంక కానీ," అంది.