మూడో ఫోల్డర్

చదివిన పుస్తకాల్లో నచ్చిన వాక్యాలను ఫోన్‌లో దాచుకోమని, రంగులు వేసి ఫోల్డర్లలో సర్దుకోమని ఎవరైనా సలహా ఇస్తే నాకు ఒళ్లు మండుతుంది. జగిత్యాలలో నా జిరాక్స్ దుకాణానికి వచ్చే పోటీపరీక్షల పిల్లలు గంటకొకరు ఆ మాటే ఎత్తుతారు. నేను వినను. మస్కట్‌లో ఉన్నప్పుడు ఆ పిచ్చి నాకు వాళ్లకంటే ఎక్కువే ఉండేది.

మాది కోరుట్ల. డిగ్రీ చదివి కూడా మస్కట్‌కు సిమెంటు బస్తాల లెక్క రాసే పనికి పోయాను. రూములో ఆరుగురం. అందరిలో చదువుకున్నవాణ్ని నేనే అన్న పొగరు నిండా ఉండేది. శుక్రవారం సెలవు రోజు ఫోన్‌లో నవలలు చదివేవాణ్ని. నచ్చిన వాక్యం మీద వేలితో గీస్తే అది పసుపు పచ్చగా మారేది, కింద మన మాట రాసుకోవడానికి చోటుండేది. యాప్‌లో మూడు ఫోల్డర్లు పెట్టుకున్నాను: మంచి మాటలు, మళ్లీ చదవాల్సినవి, పనికిరానివి. మూడోది అన్నిటికన్నా ముందు నిండింది.

నా పక్క మంచం మీద సిరిసిల్ల నుంచి వచ్చిన ఒక అన్న ఉండేవాడు. ఊళ్లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. మగ్గాలకు పని తగ్గి, మూతపడ్డాక నలభై దాటిన వయసులో మస్కట్ వచ్చి గచ్చు పని చేసేవాడు. చదువు రాదు. "తమ్మి, జెర పెద్దగ సదువు, నేనూ ఇంట" అనేవాడు. చదివితే ఊరుకునేవాడా? వాక్యానికో మాట అడ్డం వేసేవాడు. వేసి, "నా మాట గుడ రాయి" అని పట్టుబట్టేవాడు. రాసేదాకా వదిలేవాడు కాదు. విసుక్కుంటూ రాసేవాణ్ని.

ఇంకో శత్రువు పై మంచం మీద ఉండేవాడు, మల్యాలవాడు. నేను చదువుతుంటే ఫోన్‌లో కామెడీ వీడియోలు గట్టిగా పెట్టేవాడు. ఒకరోజు కోపం ఆగక ఆ ఫోన్ గుంజుకుని విసిరేశాను. ఆ తర్వాత మా ఇద్దరికీ మాటల్లేవు. అయినా ఆ రూములో ఒక పద్ధతి ఉంది. ఇంటికి పోయేవాడు బకెట్టు, పరుపు, కుక్కరు, సిమ్ము ఉండేవాళ్లకు వదిలేసి పోవాలి. నా వంతు వచ్చినప్పుడు సిమ్ము మల్యాలవాడికి దక్కింది. నా యాప్ తెరుచుకునేది ఆ నంబరుతోనే అన్న సంగతి విమానం ఎక్కే తొందరలో నాకు తట్టలేదు. ఇంత చదివినోడి తెలివి అంతవరకే.

నేను వచ్చి ఏడాది తిరక్కముందే సిరిసిల్ల అన్న పనిమీదే గుండె ఆగి పోయాడు. శవపెట్టె ఇంటికొచ్చిన రోజు నేను పోలేదు. దుకాణం కొత్తగా పెట్టానని నాకు నేనే చెప్పుకున్నాను.

ఇంకో రెండేళ్లకు ఒక మధ్యాహ్నం ఆయన బిడ్డ దుకాణం ముందు బస్సు దిగింది. డిగ్రీ చదువుతోందట.

"కాకా, మా బాపు ఫోన్ల ఎప్పుడూ మీ ముచ్చటే చెప్తుండె. నా మాటలన్నీ తమ్మి రాసిపెడుతున్నడు, అచ్చినంక నీకు సూపిస్త అనెటోడు. మా ఇంట్ల బాపు గొంతు లేదు, రాత లేదు. గవ్వి ఇస్తవా?"

ఫోన్ మార్చాక ఆ యాప్ మళ్లీ తెరవాలంటే మస్కట్ నంబరుకు వచ్చే అంకెలు కావాలి. రోజూ వందమందిని "ఓటీపీ చెప్పండి" అని గదమాయించే నేను, ఆ పిల్ల ముందే మల్యాలవాడికి ఫోన్ చేశాను.

"ఎవలు?"

"నేనే, కోరుట్లోన్ని."

"ఓహో, సారా? మూడేండ్లకు యాదికచ్చిన్నా?"

"నీ ఫోనుకు ఒక నంబరు అస్తది. జెర చెప్పు."

"ఎందుకు చెప్పాలె? నా ఫోన్ ఇసిరేసిన నాడు నేను నీకు మనిషి లెక్క కనవడ్డనా?"

"నా సిమ్మే గదరా నువ్వు వాడేది!" అని అరిచాను. దుకాణంలో వాళ్లంతా తిరిగి చూశారు. ఆ పిల్ల మెల్లగా నా చేతిలోంచి ఫోన్ తీసుకుని స్పీకరు నొక్కింది.

"కాకా, నేను సిరిసిల్లాయన బిడ్డను. మా బాపు మాటలున్నయట ఆ యాప్‌ల."

 మల్యాలవాడు ఒక్కో అంకె నిదానంగా చెప్పాడు. "మీ బాపు లేనికాంచి మా రూంల నవ్వుడే బందైంది బిడ్డా" అన్నాడు. నాతో మళ్లీ మాట్లాడకుండానే పెట్టేశాడు. నాకు అప్పటికీ కోపమే.

కంప్యూటరు మీద యాప్ తెరిచాను. మంచి మాటలు నొక్కాను, ఆయన లేడు. మళ్లీ చదవాల్సినవి నొక్కాను, లేడు. ఆయన మాటలన్నీ ఎందులో వేశానో అప్పుడు గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది. ఆ పిల్లే మౌసు అందుకుని మూడోది తెరిచింది.

వాన మీద పేజీన్నర వర్ణన కింద ఆయన మాట ఉంది: "గిన్ని మాటలెందుకు, తడిసినోన్ని అడిగితే ఒక్క ముక్కల చెప్తడు." భార్యకు ఏడాది దూరమై ఏడ్చే కథానాయకుడి మాటల కింద: "ఏడాదికే గింత ఏడుపా? గీన్ని మస్కట్ తోలుండ్రి." ఆ పిల్ల నవ్వింది. కిందికి జరుపుతూ పోయి ఒకచోట ఆగి, నవ్వు మానేసింది. ఏదో నవలలో పిల్లకు పేరు పెట్టే ఘట్టం అది. కింద ఇలా ఉంది: "నా బిడ్డకు తొట్టెలేసిన నాడు సాంచాలన్ని ఆపిన. ఆ చప్పుడుల పేరు చెప్తే చెవులకు పోతదా?"

ఆమె చాలాసేపు ఏడ్చింది. నేను నీళ్లిచ్చాను. కళ్లు తుడుచుకుని మళ్లీ మొదటికి పోయింది. అప్పుడు చూసింది, ఫోల్డరు మీద 'పనికిరానివి' అన్న పేరు.

"కాకా, గీ పేరు ఎవలు పెట్టిన్రు?"

"యాపే పెడ్తది బిడ్డా."

ఆమె మిగతా రెండు ఫోల్డర్ల మీద వేలు పెట్టింది. "మరి మంచి మాటలు అని గుడ గదే పెట్టిందా?"

నాకు తల కొట్టేసినట్టయింది.  ప్రింటు తియ్యమంది. పైన పేరు చెరిపేసి తీద్దామని కీబోర్డు మీద చెయ్యి పెట్టాను.

"చెర్పకు," అంది. "మా బాపు నిన్ను తమ్మి అనుకున్నడు. నువ్వేమనుకున్నవో గది గుడ మా అమ్మ సూడాలె."

అన్ని పేజీలూ నా మిషన్‌లోంచి ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ప్రతిదాని నెత్తిన నేను పెట్టిన పేరే ఉంది. ఆమె వాటిని చున్నీలో చుట్టుకుని సిరిసిల్ల బస్సెక్కింది.