ఏడు ఎటూ పోదు

మా లెక్కల సారు ఇక లేరు. సూర్యాపేట ఆసుపత్రిలో పోయారని ఫోను వచ్చేసరికి మిర్యాలగూడ బడిలో పాఠం చెబుతున్నాను. చాక్‌పీసు బల్ల మీద పెట్టి వచ్చేశాను. దారంతా ఏడ్చాను. నేరేడుచర్లలో ఆయన ఇంటి ముందు దిగేసరికి మాత్రం కోపం ముంచుకొచ్చింది. ఆ కోపం ఎందుకో తెలియాలంటే కోదాడ సంగతి చెప్పాలి.

మాది మోతె దగ్గర పల్లె, గొర్లు కాసే ఇల్లు. కోదాడలో ఒక ప్రైవేటు బడిలో పదో తరగతి చదివాను. తెలివైనవాళ్ళకు ఒక సెక్షను, మాకు ఇంకొకటి. మా సెక్షనుకు సమీకరణాలంటే ఒక్కటే మంత్రం: అటు పోతే గుర్తు మారుతుంది. ఎందుకని అడిగితే మొట్టికాయ.

సారు కొత్తగా వచ్చిన రోజే బోర్డు మీద 3x + 7 = 22 అని రాసి నన్ను లేపారు. ఏడు అటు పోతుంది సార్ అన్నాను.

"ఎట్ల పోతదమ్మా? బస్సెక్కి పోతదా?"

క్లాసంతా నవ్వింది.

"అది ఏడికీ పోదు. నువ్వే తీసేసినవ్. ఇటు ఏడు తీసినవా, అటు గూడ తియ్యి. ఇటొక తీరు, అటొక తీరు జేస్తే సమానం ఎట్లయితది?"

రెండు వైపులా ఏడు తీశాను, రెండు వైపులా మూడుతో భాగించాను. x విలువ అయిదు వచ్చింది. కరెక్టేనా సార్ అంటే కసిరారు. "నన్నడుగుతవేంది? x ఉన్నకాడ అయిదు పెట్టి సూడు." పెట్టి చూశాను, ఇరవై రెండు వచ్చింది. ఎవరినీ అడగకుండా ఒక సంగతి నిజమని నాకు నేను తెలుసుకోవడం అదే మొదలు.

ఆయన తప్పును చెరపనిచ్చేవారు కాదు. గీత కొట్టి పక్కనే మళ్ళీ చేయమనేవారు. చాక్‌పీసు పొడి చొక్కాకే తుడుచుకునేవారు. "ఆ సెక్షన్ల ఏం జెప్పిన్నో మీకూ గదే" అంటూ మా గదిలోకి వచ్చేవారు.

పరీక్షలు దగ్గర పడ్డాక బడి యజమాని మా నాన్నను పిలిపించాడు. "మీ అమ్మాయి ఫెయిలైతే మా బడికి నూటికి నూరు శాతం పాస్ రాదండీ. టీసీ తీసుకెళ్ళి, పరీక్ష బయట రాయించుకోండి" అన్నాడు. నాన్న తలపాగా చేతిలో పట్టుకుని సరే అనబోయాడు. సారు అడ్డం వచ్చారు.

"ఆ సెక్షన్ పిల్లకు గిట్లనే ఇస్తరా సార్ టీసీ? ఇయ్యరు గద! ఈమె ఈడ్నే రాస్తది. కాదంటే పిల్లల అమ్మనాయినలందర్నీ మీ గేటు ముంగట కూసోబెడత."

రాశాను. పాసయ్యాను. సెలవుల తర్వాత సారును రావద్దన్నారు. ఆయన నాతో ఆ మాట ఎన్నడూ అనలేదు, వాళ్ళూ వీళ్ళూ అనుకుంటే విన్నాను. అప్పటినుంచి చివరిదాకా ఇంటి వరండాలోనే పిల్లలకు లెక్కలు చెప్పారు.

అలాంటి మనిషి గుమ్మం ముందు అదే బడివాళ్ళు ఫ్లెక్సీ కట్టారు. ఆయన ఫోటో, కింద 'మా గర్వకారణం', అంతకంటే పెద్ద అక్షరాల్లో బడి పేరు. అడ్మిషన్ల కాలం మరి!

యజమాని అక్కడే దండ పట్టుకుని ఉన్నాడు. "వెళ్ళగొట్టింది మీరే కదా" అన్నాను, అందరూ వినేటట్టే.

"చావింట్లో ఇప్పుడవన్నీ ఎందుకమ్మా" అన్నాడు.

సారు భార్య లేచి లోపల్నుంచి కత్తెర తెచ్చారు. "ఆయన బతికున్ననాడు మీ బడిల ఉండనియ్యలే. పోయినంక ఆయన బొమ్మ కింద మీ పేరెందుకయ్యా?" అని, బడి పేరున్న ముక్క కత్తిరించి అతని చేతిలో పెట్టారు. ఎవరూ వారించలేదు.

మబ్బు పట్టింది. ఎదురుగా రోడ్డు పక్కన పక్కింటివాళ్ళ వడ్లు ఆరబోసి ఉన్నాయి. "వానొస్తున్నది. ఇది వడ్ల మీద కప్పుండ్రి" అని ఆమె మిగతా ఫ్లెక్సీ విప్పించి వాళ్ళకు ఇచ్చేశారు.

సారును సాగనంపి వచ్చేసరికి వాన కురిసి వెలిసింది. వడ్ల కుప్ప మీద ఆయన ముఖం ఆకాశంకేసి చూస్తోంది, చెంపల మీంచి నీళ్ళు జారుతున్నాయి. ఒక మూల ఎత్తి చెయ్యి పెట్టి చూశాను. వడ్లు పొడిగా ఉన్నాయి.