పెద్ద మామ షామ్ ప్రయాణం

పోయిన శుక్రవారం బతా బజారులో సరుకులు కొనుక్కుని అల్ ఖర్జ్‌కు తిరిగి వస్తుంటే, మా కారు పక్కనుంచి ఒక పికప్ తెల్లటి కరవాన్‌ను లాక్కుంటూ దాటిపోయింది. చక్రాల మీద కట్టిన చిన్న ఇల్లు. కిటికీకి పూల తెర, వెనక పిల్లల సైకిళ్ళు. మా ఆయన వేగం తగ్గించి, అది పక్క రోడ్డులోకి మళ్ళేదాకా దాని వెనకే నడిపాడు. ఆయన ఇప్పుడు ఇక్కడొక పాల ఫారంలో లారీ డ్రైవరు. "టైర్లలో గాలి ఎక్కువుండాది వానికి," అని మాత్రం అన్నాడు చివరికి. నాకు ఉనైజా ఊళ్ళో నేను పనిమనిషిగా, ఆయన డ్రైవరుగా చేసిన ఇల్లు, ఆ ఇంటి పెద్దావిడ, ఒక వేసవికి ముందు ఆ ఇంట్లో రేగిన హడావుడి గుర్తొచ్చాయి.

ఇక్కడి అరబ్బుల ఇళ్ళలో పనిచేసేవాళ్ళం యజమానురాలిని 'మామా' అని పిలుస్తాం. మా కడప వైపు చాలామంది ఆడవాళ్ళు మొగుణ్ణి పిలిచే పిలుపూ అదే. వెళ్ళిన కొత్తలో నేను వంటింట్లోంచి 'మామా' అని కేక వేస్తే లోపలినుంచి ఆవిడ, బయట కారు కడుగుతూ మా ఆయన, ఇద్దరూ ఒకేసారి పలికేవారు. ఇద్దరికీ నేనే జవాబు చెప్పుకోవాలి. చివరికి పిలుపు వదులుకున్నది మా ఆయనే. కోడళ్ళు కూడా మామలే కాబట్టి ఆవిడ 'పెద్ద మామ' అయింది. పొడుగ్గా, సన్నగా ఉండేది. అరచేతులకు ఎప్పుడూ గోరింటాకు, మోకాళ్ళకు ఎప్పుడూ నొప్పి. పళ్ళు తక్కువ, మాట నిదానం. ఆ కసీం ప్రాంతపు అరబీ కొన్నాళ్ళకు నా చెవికి మా ఊరి తెలుగులాగే వినిపించేది. ఇప్పుడు తలచుకున్నా ఆమె మాటలు నాకు అలాగే గుర్తొస్తాయి.

ఆమె పెద్దకొడుకు బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు. ఊరికే కూర్చోలేక ఎవరిదో పాత కరవాన్ కొని తెచ్చి ఖర్జూరపు తోటలో నిలబెట్టాడు. వేసవి సెలవుల్లో ఇంటిల్లిపాదీ ఉత్తరం వైపు సరిహద్దు దాటి, జోర్డాన్ అంతా చుట్టి రావాలని ఆయన ఆలోచన. ఆ వైపు దేశాలన్నిటినీ పాతకాలం వాళ్ళు కలిపి షామ్ అంటారు. విమానం ఎక్కితే కునుకు పట్టేలోపు దిగిపోవచ్చు కదా, ముసలమ్మను రోడ్డు మీద తిప్పడమెందుకని రెండో కొడుకు అభ్యంతరం చెప్పాడు. అప్పటిదాకా కాఫీ తాగుతూ ఊరుకున్న పెద్ద మామ గిన్నె కింద పెట్టింది. "ఇమానంలో పోతే దారి యాడ కనపడతాది? నాకు సూడాల్సింది దారే," అంది.

ఉనైజా నుంచి షామ్ సంతలకు ఒంటెలు తోలుకుపోయిన చివరి బేరగాళ్ళలో వాళ్ళ నాన్న ఒకడట. వెళ్తే నెలల తరబడి రాడు. ఆ దారి తప్ప ఇంకేమీ అడగని తల్లికి కాదనడం రెండో కొడుకు వల్ల కాలేదు.

ఇక మొదలైంది. చుట్టాలు కూర్చునే మజ్లిస్‌లో తివాచీ మీద పెద్ద మ్యాపు పరిచి, చుట్టుకుపోకుండా నాలుగు మూలలా ఖర్జూరాల పళ్ళేలు పెట్టేవారు. హాయిల్ మీదుగా పోవాలని ఒకరు, ఎక్కడెక్కడ ఆగాలో ఇంకొకరు వాదించుకుంటూ ఆ ఖర్జూరాలు తినేసేవారు. పళ్ళెం తేలికై మ్యాపు మళ్ళీ చుట్టుకుపోయేది. బండికి బీమా, సరిహద్దు దాటడానికి కాగితాలు, మా ఆయన విదేశంలో ఆ బండి నడపడానికి అనుమతి, ఇవన్నీ పెద్దకొడుకు చూసుకున్నాడు. మా ఆయనకు మాత్రం వెనక్కి తీయడం చేతకాలేదు. కరవాన్‌ను కుడికి తిప్పాలంటే స్టీరింగ్ ఎడమకు తిప్పాలి. నేను వెనక నిలబడి 'ఇటు, ఇటు' అంటుంటే ఆయన అటు పోయేవాడు. పెద్ద మామకు ఇష్టమైన సుక్కరీ ఖర్జూరపు చెట్టు మొదలుకు రెండుసార్లు తగిలించాడు. ఆవిడ కోప్పడలేదు. "ఒంటెనైనా ఎనక్కి నడిపించలేరులే," అని ఓదార్చింది.

కరవాన్ మెట్టు ఆమె మోకాళ్ళకు ఎత్తయింది. మా ఆయన పాత చెక్కలతో ఒక పొట్టి పీట చేశాడు. ఆనాటినుంచి సాయంకాలం కాఫీ కరవాన్‌లోనే. కిటికీలోంచి కనిపించేవి రోజూ చూసే చెట్లే అయినా, ఆమె వాటిని ప్రయాణంలో చూస్తున్నట్టు చూసేది. ఊరి బయట గదా అనే ఎడారి పొదల మధ్య ఇసుకలో ఒక రాత్రి గడిపి పరీక్ష కూడా చేశాం. ఆ బుల్లి పొయ్యి మీద నేను వండిన కబ్సా అన్నం అడుగంటింది. అందరూ మొహమాటంగా నములుతుంటే ఆవిడ రొట్టెకు నా చెనిక్కాయల కారప్పొడి అద్దుకుని తిని, షామ్‌కు ఇదొక డబ్బా నిండా కావాలంది. ఇంత కారం తింటే దారిలో ఆస్పత్రులు వెతకాలని కోడళ్ళు నవ్వారు.

అంతా కుదిరాక నా దగ్గర ఆగిపోయింది. పాస్‌పోర్టు గడువు దగ్గర పడిందని నాకు వీసా కుదరలేదు. కొత్తది చేయించుకునేసరికి పిల్లల సెలవులు అయిపోతాయి. ఆమెకు స్నానం చేయించేది, మోకాళ్ళు పట్టేది, రాత్రి లేపి మందులు వేసేది నేను. నేను లేకపోతే తానూ రానని పెద్ద మామ కరవాన్ ఎక్కడం మానేసింది. ఆ రెండు రోజులూ ఇంట్లో మ్యాపు ఎవరూ విప్పలేదు.

మూడో రోజు నూనె గిన్నె తీసుకుని ఆమె గదికి వెళ్ళాను. కాలేజీలో చదివే మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని, మోకాలు ఎక్కడ ఒత్తాలో, ఎక్కడ ఒత్తకూడదో చూపించాను. ఆ పిల్ల చేతులు మెత్తనివి, తొందరగా నేర్చుకుంది. పెద్ద మామ గోడ వైపు చూస్తూ పడుకుంది.

"నా కోసరం నువ్వు నిలిచిపోతే ఈ ఇంట్లో నాకు ముద్ద దిగదు మామా," అన్నాను. "పోయిరా."

ఆమె గోడ వైపునుంచి ఇటు తిరిగి, కాలు జాపింది. తర్వాత మనవరాలితో, "ఇంగ రోంత గట్టిగా పట్టు," అంది.

రెండో కొడుకు, కోడలు సాగనంపడానికి తమ కారులో సరిహద్దు దాకా వెళ్తుంటే నేనూ ఎక్కాను. దారంతా ముందర ఆ తెల్ల కరవాన్ ఊగుతూ పోతూనే ఉంది. రాళ్ళ నేల, ఇసుక, మళ్ళీ రాళ్ళ నేల. చివరి పెట్రోలు బంకు దగ్గర పొడి డబ్బా ఆమె ఒళ్ళో పెట్టాను. నా తల మీద చెయ్యి వేసి ఏదో దువా చదివింది. మా ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. అద్దంలోంచి చూసి ఉంటాడు. కరవాన్ సరిహద్దు దగ్గరి బండ్ల వరసలో కలిసిపోయాక, ఎండలో ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు.

వాళ్ళు తిరిగి వచ్చిన మర్నాటి సాయంత్రం, మళ్ళీ తోటలో నిలిపిన కరవాన్‌లో ఆమె కాళ్ళు పడుతూ, ఎలా ఉంది షామ్ అని అడిగాను.

"నాయన చెప్పిన సంత లేదు, బావి లేదు. అంతా మిద్దెలే," అంది. మోకాలు సర్దుకుంది. "ఇంత దూరమని నాకు తెలీదు. ఏసీలో కూచోని పోతేనే ఒళ్ళు పులిసిపోయింది. ఆయప్ప ఒంటెలెంట నడిచిపోయినాడు. ఆయన ఇంటికొచ్చిన దినం నేను తలుపు సాటున దాక్కొని, పిలిచినా పలికేదాన్ని కాదు. ఇన్ని దినాలు యాడ పోతివని కోపం. ఆయన కన్ను మూసేదాకా ఆ కోపం మనసులో పెట్టుకోనే ఉన్న్యా. ఈపొద్దు ఉంటే పలికేదాన్ని."

నా చేతులు ఆగిపోయాయి. మా అమ్మాయి అప్పుడు కడపలో మా అక్క దగ్గర ఉండి చదువుకునేది. ఫోన్ చేస్తే 'ఊ' అనేది, లేకపోతే పెద్దమ్మకు ఇచ్చేసేది. పెంకితనమని నేను కసిరేదాన్ని. ఆ సంగతి పెద్ద మామకు ఎప్పుడూ చెప్పలేదు. ఆమె కూడా అడగలేదు. తన కాలు కాస్త ముందుకు జరిపి, మళ్ళీ పట్టమంది.

ఆ ఏడాది సెలవులో ఇంటికి వెళ్ళినప్పుడు పిల్ల గదిలోంచి రాకపోతే కసరలేదు. గడప దగ్గర కూర్చుని, మా ఇద్దరి మధ్య ఉన్న దారి ఎంత పొడుగో, మధ్యలో ఏ సముద్రం ఉందో, విమానం కిటికీలోంచి ఏం కనిపిస్తుందో, తలుపుకు చెప్పుకున్నట్టు చెప్పాను. తిరుగు ప్రయాణం ఇంకో రెండు రోజులుందనగా వచ్చి పక్కన కూర్చుంది. ఎన్ని గంటలు పడుతుందమ్మా అని అడిగింది. ఇప్పుడు తనే ఫోన్ చేస్తుంది, మాటలు ఆగవు.

పెద్ద మామ పోయి కొన్నేళ్ళయింది. తోట పంపకాలయ్యాక మేమూ అల్ ఖర్జ్ వచ్చేశాం. దూరం వెళ్ళినవాళ్ళు ఎంత దూరం వెళ్ళారో తెలుసుకోవడానికి ఆవిడకు ఒక జీవితమంతా పట్టింది. నా బిడ్డ దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ఎందుకో, కాలం అంత ఆలస్యం చేయలేదు.