క్లాండాల్కిన్‌కి ఒక తాగుబోతు కవితో

నాకు ఫ్రెంచి ఎవరూ నేర్పలేదు. లైబ్రరీ నిఘంటువుతో కుస్తీ పట్టి నేర్చుకున్నాను. ఆ కుస్తీలో దొరికినవాడే ఒక పాటల కవి, నూరేళ్ళ కిందటివాడు. తాగాడు, భార్యను వదిలేశాడు, జైలుకెళ్ళాడు, అక్కడ కూర్చుని అమ్మ మీద రాళ్ళు కరిగే పాట రాశాడు. మేముండే ఈ పరాయి ఊరి శివారు క్లాండాల్కిన్‌లో మన తెలుగు క్రైస్తవ కుటుంబాలవాళ్ళు ఆదివారం ప్రార్థనతోపాటు పిల్లల కోసం ‘తెలుగు అరగంట’ పెడతారు. ఆ కవి గురించి చెప్పమని నన్ను పిలిచారు. తీరా ఆ పొద్దున నిర్వాహకుడు సుధాకర్ ఫోన్ చేశాడు.

“అంకుల్, పాటలు చాలండి. తాగుడూ జైలూ వద్దు, పిల్లలుంటారు.”

“తల తీసేసి మొండేనికి దండ వెయ్యమంటావా?” అన్నాను. అతను నవ్వలేదు. నేను బయల్దేరాను.

మా ఇల్లున్న లెపర్డ్స్‌టౌన్ దగ్గర లువాస్ ట్రామ్ గ్రీన్ లైన్ ఎక్కి, సిటీలో దిగి, నాలుగడుగులు నడిచి రెడ్ లైన్ పట్టుకుంటే రెడ్ కౌ స్టాపు వస్తుంది. గంట పైనే పడుతుంది; తొంభై నిమిషాల్లోపు మారితే లీప్ ప్రయాణ కార్డు మీద రెండు యూరోలే. దిగగానే వాన, కాబట్టి టాక్సీ. డ్రైవరు ఇక్కడి పెద్దాయన. కవి సంగతి చెబితే, “మా వీధిలో అలాంటివాళ్ళు నలుగురున్నారు, ఒక్కడూ రాసి చావడు!” అన్నాడు.

నేను వెళ్ళేసరికి హాల్లో సాక్ష్యాలు నడుస్తున్నాయి. ముసలివాళ్ళను చూసుకునే కేరర్‌గా పనిచేసే ప్రసాద్ లేచి, తాగి ఉద్యోగం పోగొట్టుకున్న వైనం, గుమ్మంలోకి పోలీసులు వచ్చిన వైనం చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. హాలంతా “దేవునికి స్తోత్రం!” అంది. పిల్లలూ అన్నారు.

నా వంతు వచ్చింది. “సుధాకర్ బాబూ, ప్రసాద్ తమ్ముడు చెబితే సాక్ష్యం, మా కవి చెబితే అప్రతిష్ఠానా?” అని, తాగుడుతోనే మొదలుపెట్టాను. ప్రసాద్ తలెత్తాడు. సుధాకర్ గడియారం చూపించాడు. నేను కళ్ళజోడు తీసేశాను. కథంతా చెప్పి, జైలు పాట చదివాను.

“జైలు నుంచొచ్చాక మానేశాడా అంకుల్?” ప్రసాద్ అడిగాడు.

అవునని చెప్పమన్నట్టు సుధాకర్ పక్కనే తలూపుతున్నాడు. అంత దగ్గరగా ఉంటే కళ్ళజోడు లేకున్నా కనిపిస్తుంది.

“లేదు నాయనా. మళ్ళీ తాగాడు.”

ప్రసాద్ కుర్చీలో ముందుకు జరిగాడు. “మళ్ళీ రాశాడా మరి?”

“రాశాడు.”

“అయితే ఆ పాట ఇంకోసారి చదవండి.”

చదివాను. చచ్చిపోయిన కవిని ఉతికి ఆరేసి ఇస్త్రీ చేసేవాళ్ళు ప్యారిస్‌లోనూ ఉంటారు, క్లాండాల్కిన్‌లోనూ ఉంటారు. వాళ్ళు ఇస్త్రీ చేసిన కవితో ప్రసాద్‌కి ఏం పని? వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట: లువాస్ దిగగానే కార్డు స్టాపులో మిషనుకి మళ్ళీ తాకించండి, లేదంటే డబ్బు ఎక్కువ కోస్తారు. కవిని మాత్రం ఎవరడిగినా కొయ్యనివ్వకండి.