జొన్నగింజంత జాగ

ముసురు పట్టిందంటే చాలు, నల్లగొండలో నేను కిరాయికి ఉంటున్న గది తలుపు ఉబ్బి దర్వాజలో ఇరుక్కుపోతుంది. తడిసిన రంపపు పొట్టు, జిగురు కలిసి పుల్లటి కంపు కొడుతుంది. భుజంతో నెట్టి తెరిచిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. పొట్టును అట్టలా అదిమి, పైన టేకు గీతలున్న కాగితం అంటించి, దీన్ని తలుపని అమ్మినవాడి మీద సగం కోపం. మిగతా సగం మా ఊరి పటేల్ మీద.

మాది మర్రిగూడ పక్కన చిన్న ఊరు, మా బాపుది వడ్ల పని, అంటే వడ్రంగం. తెలంగాణ వచ్చిన కొత్తలో నేను ఐదో తరగతి. ఎండాకాలం సెలవులంటే నాకు వేపచెట్టు కింది కొట్టమే, బాపు రందతో చెక్కను చిత్రిక పడుతుంటే చుట్టలు చుట్టుకుంటూ రాలే టేకు పొట్టే, ఆ చుట్టలను గాజుల్లా మోచేతుల దాకా తొడుక్కుని మేం ఆడపిల్లలం ఆడే పెళ్లిళ్లే, పొయ్యి మీద అవ్వ కాల్చే జొన్నరొట్టె వాసనా, పచ్చిమామిడికాయ తొక్కు ఘాటూ, వాటన్నిటినీ కమ్మేసే టేకు నూనె వాసనే.

బాపు చేసే వీధి తలుపులకు చట్టాల మధ్య పలకలుండేవి. పలక నడుమ ఉబ్బెత్తుగా, అంచులు పల్చగా చెక్కి, చట్టంలోని గాడిలో కూర్చోబెట్టేవాడు. జిగురు రాసేవాడు కాదు, మొల కొట్టేవాడు కాదు. ఎండిన చెక్క కాబట్టి గాడిలో జొన్నగింజ పట్టేంత సందు వదిలేవాడు. అవ్వ చెరుగుతున్న చాటలోంచి ఒక గింజ తీసి పెట్టి మరీ చూసుకునేవాడు. వానలకు ఉబ్బిన పలక ఆ సందులోకి జరిగేది, ఎండలకు వెనక్కి వచ్చేది. ఎన్ని వానలు కురిసినా తలుపు బిగుసుకునేది కాదు.

ఆ ఏడు బాపు పటేల్ కొత్త ఇంటికి రెండు రెక్కల తలుపు చేశాడు. పటేల్ వచ్చి పలక మీద వేలితో కొట్టి చూశాడు. లొటలొటమంటోంది, మొలలు కొట్టమన్నాడు.

"మొల కొడితే పల్గుతది పటేలా. చెక్క వానకు ఉబ్బుతది, ఎండకు ముడుసుకుంటది. దానికి జర జాగ ఇడవాలె," అన్నాడు బాపు.

పటేల్ నవ్వి ఊరుకున్నాడు. బాపు తలుపు బిగించి ఇంటికి రాగానే పటేల్ సెంట్రింగు పనివాడిని పిలిపించి ఎడమ రెక్క పలకలకు మొలలు దిగ్గొట్టించి, పైన లప్పం పూయించాడు. కుడి రెక్క మొదలుపెట్టేలోగా గృహప్రవేశం పూజ చేయించే అయ్యగారు వచ్చాడట. అది అలాగే మిగిలిపోయింది.

వానాకాలంలో ఎడమ పలకలు ఉబ్బి వంగాయి. మరుసటి ఎండాకాలానికి నడిమికి చీలాయి. పటేల్ బాపును పిలిపించి నలుగురిలో చేతకానివాడన్నాడు. నేను బాపు పక్కనే ఉన్నాను. రాలిన లప్పం కింద మొలల తలలు కనబడుతున్నాయి. నేను నోరు తెరవబోతే బాపు నా చెయ్యి గట్టిగా నొక్కాడు. ఊళ్లో సగం పని పటేల్ చెబితేనే వచ్చేది మరి. ఆ రోజు బాపు మీద కూడా నాకు పీకల దాకా కోపం వచ్చింది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

నోరు మూసుకున్నందుకు దక్కిందేమీ లేదు. ఊరంతా తలుపులకు నకిరేకల్ షాపుల దారి పట్టింది. బాపు హాలియాలో సెంట్రింగు పనికి కుదిరాడు. చెక్కకు మొల కొట్టనన్న మనిషి, పొద్దంతా చెక్కలకు మొలలు కొట్టే పనికి.

మొన్న ఎండాకాలంలో ఊరికి పోయినప్పుడు పటేల్ ఇంటికి ఇనుప తలుపు కనబడింది. ఆ కుడి రెక్క మాత్రం బర్రెల కొట్టానికి ఉంది, ఎండలో, వానలో, ఎక్కడా చీలిక లేకుండా. నేను చూస్తుంటే పటేల్ కోడలు వచ్చింది.

"పాతకాలపు తలుపు, మస్తు గట్టిది. ఎవలు చేసిండ్రో ఏమో," అంది.

"మా బాపు చేసిండు. దీని జోడి రెక్కకు మీ మామ మొలలు కొట్టిచ్చిండు," అన్నాను. ఆమెకేమీ అర్థం కాలేదు. పదేళ్లు దాచుకున్న మాట చివరికి ఏమీ తెలియని మనిషి మీద పడింది.

అక్కడి నుంచే బాపుకు ఫోన్ చేసి ఆ రెక్క సంగతి చెప్పాను. బాపు పటేల్ ఊసెత్తలేదు, ఎవరేమన్నారని అడగలేదు.

"పలక ఇంకా కదులుతాందా బిడ్డా?"

వేలితో కొట్టి, ఆ లొటలొట వినిపించాను. అటు నుంచి మేస్త్రీ ఎవరో బాపును కేకేశాడు. బాపు ఫోన్ పెట్టేయడం మరిచిపోయినట్టున్నాడు, మొలలు కొడుతున్న చప్పుడు వినబడింది.