బస్సు కోసం వదిలేసిన క్లైమాక్స్

నిన్న టీవీలో ఒక పాత సినిమా వస్తుంటే అత్తను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. మా ఊరు రూపనగుడి మిత్రులకు గుర్తుండే ఉంటుంది, చిన్నప్పుడు బళ్లారిలో మ్యాట్నీకి వెళితే ఊరి బస్సు కోసం క్లైమాక్స్ వదిలేసి పరుగెత్తేవాళ్లం. ఈ సినిమా కూడా అలా వదిలేసిందే. తండ్రీకొడుకులు కలుస్తారో లేదోనని బస్సులో నేను ఏడుస్తుంటే, అత్త వేరుశనక్కాయలు ఒలిచి పెడుతూ ముగింపు తనే అల్లి చెప్పింది.

"మొండోడు మారకుంటే సినిమా యాడ ముగుస్తాదప్పా? కొడుకు కాళ్లు పట్టుకుంటాడు. నాయన కూడా తప్పు ఒప్పుకుంటాడు."

నిన్న చూస్తే కొడుకు ఒక్కడే మారాడు. తండ్రి చివరిదాకా బిగుసుకునే ఉన్నాడు.

"ఏందప్పా ఇది? నేను చెప్పిందే బాగుండాది" అంది అత్త.

ఉన్నది ఉన్నట్టు రాయడం విలేకరిగా నా పని. ఈ సినిమా విషయంలో మాత్రం నేను అత్త వైపే.