మడమ చప్పుడు

నలభై దాటాక ఆమొస్ మజీక్ నౌకాదళంలో చేరాడంటే ఊరంతా బుగ్గలు నొక్కుకుంది. చేపలకని పడవెక్కినా కడుపులో తిప్పే మనిషాయె. వాళ్ళు అతన్ని తీసుకున్నది ఓడ ఎక్కించడానికి కాదులెండి. జలాంతర్గామిని నడిపే అణు రియాక్టరు సంగతి కుర్రవాళ్ళకు పాఠం చెప్పడానికి. అంతవరకు అతను ఫిజిక్సు చెప్పిన ఊరి హైస్కూలును, పిల్లలు తగ్గారని పక్క ఊరి బడిలో కలిపేశారు. కొత్త బడివాళ్ళు అతన్ని భోజనాల గదిలో కాపలా పెట్టారు. పాఠం చెప్పిన నోటితో "తోసుకోకండర్రా" అని అరవలేక, ఊరికి దగ్గర్లో, కూపర్ నది ఒడ్డున నౌకాదళం నడిపే అణు పాఠశాలకు అర్జీ పెట్టుకున్నాడు.

తెల్ల యూనిఫాంలో మొదటిసారి వంటింట్లోకి వచ్చిన కొడుకును, బెండకాయ అన్నం కలుపుతున్న డోర్కస్ ఎగాదిగా చూసింది.

"ఐస్‌క్రీం బండి ఎక్కడ పెట్టి వచ్చావురా?"

"అమ్మా, నేనిప్పుడు ఆఫీసర్ని."

"అయితే జాగ్రత్తగా కూర్చో ఆఫీసరుగారూ, మరక పడితే ఉతికేది నేనే. ఇంతకీ అక్కడ ఏం చెబుతావు?"

"బయట చెప్పకూడదమ్మా. కాయితం ముక్క కూడా గేటు దాటనివ్వరు."

"నీళ్ళు కాచి ఆవిరి పుట్టించడమేగా? ఓసారి నోరు జారావులే. ఈ పొయ్యి దగ్గర నా బతుకంతా అదే పని చేశా. ఒక్కడూ తెల్లటోపీ ఇచ్చిన పాపాన పోలేదు."

ఆ పాఠశాలలో ఒక అలవాటుంది. పరీక్షలో రాబోయే ముక్క చెప్పేటప్పుడు మాస్టారు మడమతో నేలను గట్టిగా కొడతాడు. నోటితో ఏమీ అనడు. పిల్లలు గబగబా ఆ వాక్యం కింద గీత గీసుకుంటారు. ఆమొస్‌కు ఈ విద్య ఒకరు నేర్పనక్కర్లేదు. వాళ్ళ ఊరి ప్రార్థన గదిది చెక్క నేల. ఆదివారం అందరూ గుండ్రంగా తిరుగుతూ, మడమలతో తాళం వేస్తూ పాడతారు. కాలికి అడ్డంగా కాలు వేయకూడదు, వేస్తే అది డాన్సు, పాపం. మధ్యలో డోర్కస్ కూర్చుని చీపురు కర్రతో నేలను మోదేది. ఆ దెబ్బ వింటూ పెరిగిన మడమ అతనిది.

ఆ వసంతంలో డోర్కస్ పోయింది. పొయ్యి మీద అన్నం కుండ అలాగే ఉంది. ప్రార్థన గదిలో జనమంతా ఆమె శవపేటిక చుట్టూ తిరిగి పాడారు. ఆమొస్ మాత్రం, తన పైఅధికారులు వచ్చి వెనక వరసలో నిలబడ్డారని, గుంజలా బిగుసుకుపోయాడు. జెరూషా పిన్ని మోచేత్తో పొడిచింది.

"కాలు కదపరా, మీ అమ్మ వెళ్ళిపోతోంది."

"యూనిఫాంలో ఉన్నాను పిన్నీ."

"ఏం, ఆ యూనిఫాం కన్నదా నిన్ను?"

కదపలేదు. మట్టి వేసి, సెలవు అయిపోగానే మళ్ళీ పాఠాలకు వెళ్ళిపోయాడు.

అతని తరగతిలో కోల్బీ ప్రూయిట్ అనే కుర్రవాడున్నాడు. జార్జియాలో పీచు పళ్ళు పెట్టెలకెత్తే తల్లికి ఒక్కడే కొడుకు. ఎప్పుడూ అత్తెసరు మార్కులే. ఈ ఆఖరి పరీక్ష తప్పితే పాఠశాల నుంచి తీసేసి, ఓడల మీద తుప్పు గీకే పనికి పంపేస్తారు. ఆ సంగతి ఆమొస్‌కు తెలుసు. అందుకే సాయంత్రాలు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవాడు.

కోల్బీ తప్పాడు.

"సార్, మీరు మడమ కొట్టిందల్లా చదివాను. అందులో ఒక్కటీ రాలేదు."

"నేనెప్పుడు కొట్టాను?"

"సెలవు నుంచి వచ్చాక ఎక్కడపడితే అక్కడ కొడుతూనే ఉన్నారు సార్. మిగతావాళ్ళు సార్‌కి మతి పోయింది, పట్టించుకోకండి అన్నారు. నేను నమ్మాను."

ఆమొస్ తన బూట్ల వంక చూసుకున్నాడు. ఆ కాలు ఆడుతున్నట్టు అతనికి తెలియనే తెలియదు.

పరుగున పైఅధికారి గదికి వెళ్ళాడు. ఆవిడ అతనికన్నా చిన్నది.

"తప్పు నాది మేడమ్. వాడికి ఇంకొక్క అవకాశం ఇవ్వండి."

"మీ బాధ నాకు అర్థమైంది మజీక్. కానీ ప్రశ్నకు జవాబు వాడికి రాలేదు కదా? రేపు సముద్రం అడుగున, రియాక్టరు దగ్గర, ఎవరి మడమ చూసి మీట తిప్పుతాడు?"

ఆమొస్ టోపీ తీసుకుని బయటికి వచ్చాడు.

సంచీ భుజాన వేసుకుని కోల్బీ గేటు దగ్గర బస్సు కోసం నిలబడి ఉంటే, ఆమొస్ దగ్గరికి వెళ్ళాడు.

"ఎందుకు కొట్టారు సార్?"

"మా అమ్మ కోసం. కొట్టాల్సిన రోజున కొట్టలేకపోయాను."

కుర్రవాడు వస్తున్న బస్సు వంక చూశాడు. "నాకూ అమ్మ ఉంది సార్. పరీక్ష తప్పానని ఇప్పుడు ఫోన్ చేసి ఆవిడకి చెప్పాలి." అని, పద్ధతి ప్రకారం సెల్యూట్ కొట్టి బస్సెక్కాడు.

ఆ ఆదివారం జెరూషా పిన్ని డోర్కస్ చీపురు కర్ర తెచ్చి ఆమొస్ చేతిలో పెట్టింది. జనం గుండ్రంగా నిలబడ్డారు. అతను కర్ర పైకెత్తాడు. దించబోయేసరికి, తన చప్పుడు విని కాయితం మీదికి వంగే ఆ కుర్రవాడి తల కళ్ళముందుకొచ్చింది.

"కొట్టరా నాయనా, అందరూ నీ కోసమే ఆగారు," అంది పిన్ని.

కర్రను ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. కాసేపు చూసి, జనం తాళం లేకుండానే పాట ఎత్తుకున్నారు.